పోర్టు పోలేదు, దానికి కరెంటు చాలడం లేదు

పాత కంప్యూటర్‌కి పెన్‌డ్రైవ్ పెడితే కనిపించలేదనుకోండి, మన చుట్టుపక్కల ఎవరిని అడిగినా దాదాపు ఇవే మాటలు. డ్రైవర్లు (పరికరాలని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) పోయాయి, ఫార్మాట్ కొట్టాలి. లేదంటే పోర్టు పోయింది, మదర్‌బోర్డు మార్చాలి. అదీ కాదంటే, ఇంత పాత సిస్టమ్ మీద ఇంకా ఖర్చు దేనికి, కొత్తది కొనెయ్. ఈ తీర్పుల్లో ఒక్కటి కూడా మీటరు పెట్టి చూసి చెప్పినది కాదు. నాకు బాధ కలిగించేది ఇదే. బాగా పనిచేసే సిస్టమ్‌లు ఈ ఒక్క మాట మీద పాత సామాన్ల వాడి బండెక్కుతున్నాయి.

నేను గట్టిగా నమ్మేది చెబుతాను. పాత కంప్యూటర్‌లో యూఎస్‌బీ తిప్పలు వస్తే ముందు చూడాల్సింది కరెంటు. తర్వాత వైరు, ఆ తర్వాత పోర్టు. డ్రైవర్ల జోలికి అన్నిటికన్నా చివర్లో వెళ్లాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, ఫార్మాట్‌తోనే మొదలుపెడతారు. పాత సిస్టమ్‌ని ఫార్మాట్ కొట్టడం చిన్న విషయం కాదు. ఏళ్ల కిందటి డీటీపీ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దాంతోపాటు తెలుగు అను ఫాంట్లు, షాపు లెక్కల డేటా, ఎప్పుడో డిస్కుతో వచ్చి ఇప్పుడు ఎక్కడా దొరకని స్కానర్ డ్రైవర్, ఇవన్నీ ఒక్క సాయంత్రంలో పోతాయి. అసలు సమస్య మాత్రం పోదు. రెండు రోజులకి పెన్‌డ్రైవ్ మళ్లీ కనిపించదు.

కరెంటు దగ్గరే మొదలుపెట్టమని ఎందుకంటున్నానో అర్థం కావాలంటే ఆ చిన్న ప్లగ్ లోపల ఏముందో చూడాలి. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో ఉండేవి నాలుగు వైర్లు. ఎరుపు, నలుపు కరెంటుకి. ఆకుపచ్చ, తెలుపు డేటాకి. పెన్‌డ్రైవ్ మూతి దగ్గర పట్టుకుని వెలుతురులో చూడండి, నాలుగు బంగారు రంగు గీతల్లో అటూ ఇటూ చివర ఉన్న రెండూ కాస్త పొడవుగా ఉంటాయి. అవి కరెంటువి. పరికరానికి ముందు కరెంటు అందాలి, ఆ తర్వాతే డేటా గీతలు తగలాలి అని కావాలనే అలా చేశారు. దీన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో మన వడోదరలో పుట్టి పెరిగిన అజయ్ భట్ ముఖ్యుడు. కరెంటు ముందు, మాట తర్వాత అనే వరసని వాళ్లు ప్లగ్ ఆకారంలోనే పెట్టేశారు. రిపేరు చేసేటప్పుడు మనం ఆ వరసే పాటిస్తే చాలు.

1996లో వచ్చిన మొదటి ప్రమాణం నుంచీ ఒక పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టులు, గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు. 2000లో వచ్చిన 2.0లోనూ అంతే. 2008లో 3.0 వచ్చాకే అది 900కి పెరిగింది. ఏదైనా పరికరాన్ని గుచ్చగానే దానికి ఆ 500 వాడుకునే హక్కు రాదు. ముందు 100లోపే సర్దుకోవాలి. తను ఎవరో, ఎంత కావాలో కంప్యూటర్‌కి చెప్పి, అది సరేనన్నాక మిగతాది తీసుకోవాలి. అందుకే పాత సిస్టమ్‌లో పోర్టబుల్ హార్డ్ డిస్క్ పెట్టగానే లైటు వెలుగుతుంది, టింగ్‌మని శబ్దం వస్తుంది, మరుక్షణం మాయమవుతుంది. 'లైటు వెలిగింది కదండీ, కరెంటు బాగానే ఉంది' అంటారు. ఆ లైటుకి కావాల్సింది పది మిల్లీ ఆంపియర్లు. లోపల పళ్లెం తిరగడం మొదలవ్వాలంటే 700 నుంచి వెయ్యి దాకా ఒక్కసారిగా లాగే డిస్కులు చాలా ఉన్నాయి. లైటు వెలగడం సాక్ష్యం కాదు.

ఇంకో సంగతి. విండోస్ 7 లాంటి వాటిలో పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్‌కి వెళ్లి యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిస్తే పవర్ అనే ట్యాబ్ ఉంటుంది, అందులో ఏ పరికరానికి ఎన్ని మిల్లీ ఆంపియర్లో రాసి ఉంటుంది. దాన్ని కొలత అనుకోవద్దు. అది ఆ పరికరం తన గురించి తాను చెప్పుకున్న అంకె. 500 అని చెప్పుకుని 900 లాగే డిస్క్ ఉంటే ఆ తెర మీద 500 అనే కనిపిస్తుంది. మామూలు పాత మదర్‌బోర్డు నిజంగా ఎంత పోతోందో కొలవదు. దాని దగ్గరున్నది ఒక చిన్న ఫ్యూజ్. ఎక్కువ కరెంటు పోతే వేడెక్కి అడ్డుపడుతుంది, చల్లారాక మళ్లీ వదులుతుంది. చాలా బోర్డుల్లో రెండు పోర్టులకి కలిపి ఒకటే ఉంటుంది. అందుకే ఒక పోర్టులో డిస్క్ పెడితే పక్క పోర్టులో మౌస్ కూడా ఆగిపోతుంది.

వైరు దగ్గర నష్టం ఎంతో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇది లెక్క కాబట్టి వాదించాల్సిన పనే లేదు. కేబుల్ తొడుగు మీద సన్నటి అక్షరాల్లో 28ఏడబ్ల్యూజీ అనో 24ఏడబ్ల్యూజీ అనో రాసి ఉంటుంది. అంకె పెరిగే కొద్దీ లోపలి తీగ సన్నం. 28 గేజ్ రాగి తీగకి మీటరుకి దాదాపు 0.21 ఓమ్‌ల నిరోధం. మీటరున్నర కేబుల్ అంటే పోవడానికీ రావడానికీ కలిపి మూడు మీటర్లు, అంటే 0.64 ఓమ్‌లు. అర ఆంపియర్ పోతే దారిలోనే 0.32 వోల్టులు తగ్గుతాయి. అదే 24 గేజ్ అయితే 0.13తో సరిపోతుంది. పోర్టు దగ్గర 4.9 ఉందనుకుంటే సన్న కేబుల్ చివర 4.58 మిగులుతుంది. దీనికి సీపీయూ ముందు వైపు పోర్టు వాడుతున్నారనుకోండి, అక్కడి నుంచి మదర్‌బోర్డు దాకా క్యాబినెట్ లోపల ఇంకో సన్న వైరు. ఆ చివర ఒక పిన్నుల గుత్తి, అది కాస్త లూజు. మధ్యలో ఒక హబ్, అంటే ఒక పోర్టుని నాలుగుగా చేసే డబ్బా. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న చివరి పొలంలో మోటారు ఎందుకు మూలుగుతుందో రైతులందరికీ తెలుసు. ఇక్కడ జరిగేదీ అదే.

ఇది ఊహ కాదు. మా బాబాయి కొడుకు పల్నాడులో ఒక మండల కేంద్రంలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. వేలిముద్ర మిషన్ పని మధ్యలో ఆగిపోతోంది. ఒక ముసలావిడ నాలుగోసారి వేలు పెడుతుంది, తెర మీద పరికరం దొరకలేదని వస్తుంది. వేళ్లు అరిగిపోయాయమ్మా, రేపు రండి అని పంపించేయాల్సి వస్తోంది. ఆమె వేళ్లలో ఏ దోషమూ లేదు. మెకానిక్ ఒకాయన చూసి బోర్డులో యూఎస్‌బీ సెక్షన్ పోయిందన్నాడు. "అన్నయ్యా, కొత్త సిస్టమ్ తీసుకోమంటావా?" అని ఫోన్ చేశాడు. "నేను వచ్చేదాకా ఏదీ కొనకు" అన్నాను.

వెళ్లి చూస్తే బల్ల మీద నాలుగు పోర్టుల హబ్ ఒకటి, దానికి అడాప్టర్ లేదు. కీబోర్డు, మౌస్, వెబ్ కెమెరా, వేలిముద్ర మిషన్ నాలుగూ దానికే. ఆ హబ్ వెళ్లి సీపీయూ ముందు పోర్టుకి. అడాప్టర్ లేని హబ్‌కి కంప్యూటర్ నుంచి వచ్చేది 500 మాత్రమే. అందులో 100 అది తన కోసం ఉంచుకుని ఒక్కో పోర్టుకి 100 ఇవ్వాలన్నది ప్రమాణం. వెబ్ కెమెరా, వేలిముద్ర మిషన్ రెండూ అంతకన్నా ఎక్కువ అడిగేవే. కొన్ని హబ్‌లు తమకి సొంత కరెంటు ఉందని కంప్యూటర్‌కి తప్పు చెబుతాయి, అప్పుడు విండోస్ హెచ్చరిక కూడా ఇవ్వదు. పోర్టుకీ పరికరానికీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటరు నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. వెనక పోర్టులో 5.02 చూపించింది. అంటే బోర్డు, దానికి కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ డబ్బా రెండూ ఆరోగ్యంగా ఉన్నాయి. ముందు పోర్టులో ఏమీ లేకుండా 4.96. హబ్ మీద నాలుగూ పెట్టి కెమెరా ఆన్ చేసి, వేలు పెట్టించి, ఆ మిషన్‌లో ఎర్ర వెలుగు వచ్చే క్షణంలో చూస్తే 4.37. నేను చూస్తుండగానే తెర మీద పరికరం మాయమైంది.

చేసింది ఇంతే. వేలిముద్ర మిషన్‌నీ కెమెరానీ వెనక పోర్టులకి నేరుగా మార్చాను. మౌస్, కీబోర్డు ముందుకి తెచ్చాను. హబ్ తీసి పక్కన పెట్టాను. కొన్నది ఏమీ లేదు.

అయినా ఒక చిక్కు మిగిలింది. అప్పుడప్పుడు, ముఖ్యంగా ఎవరైనా జిరాక్స్ అడిగినప్పుడు, మిషన్ మళ్లీ ఒక్క క్షణం పోయి వచ్చేది. ఆ గదిలో పైకి చూస్తే సంగతి తెలిసింది. లేజర్ ప్రింటర్ వేడెక్కే క్షణంలో ట్యూబ్‌లైట్ ఒకసారి కునికేది. ప్రింటర్, సీపీయూ, మానిటర్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉన్నాయి. లేజర్ ప్రింటర్ లోపల హీటర్ ఉంటుంది, అది ఒక్కసారిగా బోలెడు కరెంటు లాగుతుంది. దానికి గోడలో వేరే సాకెట్ ఇచ్చాక ఆ ఇబ్బందీ పోయింది. ఏ డ్రైవర్ మార్చితే ఇది తగ్గేది?

మన ఊళ్లలో ఎర్తింగ్ సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా ఎర్తింగ్ సరిగ్గా ఉన్న దేశాల్లో రాసినవి. సీపీయూ ఇనప డబ్బా మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమంటోందా? పెన్‌డ్రైవ్ పెట్టేటప్పుడు వేలికి చురుక్కుమంటోందా? అయితే మీ సాకెట్‌లో మూడో పిన్నుకి ఎర్తింగ్ లేదు, లేదా రెండు పిన్నుల ప్లగ్ వాడుతున్నారు. ఎస్‌ఎంపీఎస్‌లో మెయిన్స్ (గోడ నుంచి వచ్చే కరెంటు) రొదని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఆ రొదని ఎర్త్‌లోకి పంపాలి. ఎర్త్ లేకపోతే డబ్బా మొత్తం మెయిన్స్‌లో సగం వోల్టేజి దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా స్వల్పం కాబట్టి మనిషికి జివ్వుమనడంతో సరిపోతుంది. కానీ ప్రింటర్, సెట్‌టాప్ బాక్స్, అడాప్టర్ ఉన్న స్పీకర్లు ఇలాంటివి యూఎస్‌బీతో కలిపే క్షణంలో ఆ తేడా అంతా ఆ సన్న కేబుల్ గుండానే సర్దుకుంటుంది. అకారణంగా తెగిపోయే కనెక్షన్లు, నిజంగా కాలిపోయే పోర్టులు కొన్ని ఇలా వచ్చినవే. కొత్త కంప్యూటర్ కొన్నా ఆ సాకెట్‌లో పెడితే దానికీ ఇదే గతి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కేబుళ్ల గురించి ఒక్క మాట. ఇప్పుడు ఇళ్లలో దొరికే కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కి మాత్రమే. లోపల ఎరుపు, నలుపు ఉంటాయి, ఆకుపచ్చ, తెలుపు ఉండవు. ఫోన్ చార్జ్ అవుతుంది, కంప్యూటర్‌కి కనిపించదు. దీనికి పోర్టుని అనడం అన్యాయం.

ఇక రీస్టార్ట్. పోర్టు ఆగిపోతే రీస్టార్ట్ చేసి, అయినా రాలేదని ఆశ వదులుకుంటారు. చాలా బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులకి కంప్యూటర్ షట్‌డౌన్ అయినా 5 వోల్టులు అందుతూనే ఉంటాయి, కీబోర్డుతో నిద్ర లేపడానికి. కొన్ని పాత బోర్డుల మీద అది మార్చుకోవడానికి చిన్న జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే బుల్లి ముక్క) కూడా ఉంటుంది. అంటే రీస్టార్ట్ చేసినా, షట్‌డౌన్ చేసినా, చిక్కుకుపోయిన పోర్టుకి విశ్రాంతి దొరకదు. గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుని, కొన్ని నిమిషాలు వదిలేసి మళ్లీ పెట్టండి. లోపలి ఫ్యూజ్ చల్లారుతుంది, చిప్ మొదటి నుంచి మొదలవుతుంది. పోయిందనుకున్న పోర్టు ఇలా తిరిగి రావడం నాకు కొత్త కాదు. అయితే అది మళ్లీ పోతే, దాన్ని ఎందుకు వేడెక్కిస్తున్నామో వెతకాలి.

డ్రైవర్ల తప్పు ఎప్పుడూ ఉండదని నేననను. ఉంటుంది, దాని గుర్తులు వేరే. పని మధ్యలో, బరువు పడినప్పుడు తెగిపోతే అది కరెంటు. కేబుల్ కదిపితే తెగిపోతే కాంటాక్ట్. కాసేపు ముట్టుకోకుండా వదిలేస్తే నిద్రపోయి మళ్లీ లేవకపోతే మాత్రం విండోస్ కరెంటు పొదుపు చేస్తోందన్నమాట. డివైస్ మేనేజర్‌లో ఆ రూట్ హబ్‌కి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే టిక్కు తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ కూడా ఆపేయండి. విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లో నీలం రంగు (3.0) పోర్టులో ఫోన్ చార్జ్ అవుతూ పెన్‌డ్రైవ్ కనిపించకపోతే అది నిజంగా డ్రైవరే. విండోస్ 7కి 3.0 డ్రైవర్ పుట్టుకతో లేదు, విండోస్ 8 నుంచే వచ్చింది. అప్పుడు కూడా ఆ డ్రైవర్ ఒక్కటి వేస్తే చాలు, ఫార్మాట్ అక్కర్లేదు. వైర్‌లెస్ మౌస్ గెంతుతూ ఉంటే దాని రిసీవర్ 3.0 డిస్క్ పక్కన ఉందేమో చూడండి. 3.0 కేబుళ్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మౌస్ సిగ్నల్‌ని మింగేస్తుందని ఇంటెల్ తానే 2012లో కాగితం మీద పెట్టింది. రిసీవర్‌ని దూరంగా ఉన్న మామూలు పోర్టుకి మార్చండి.

విండోస్‌కి బదులు లైనక్స్ వాడేవాళ్లకి ఈ గొడవ తక్కువ. 2025 అక్టోబరులో విండోస్ 10కి మద్దతు ఆగిపోయాక పాత సిస్టమ్‌లని లైనక్స్‌కి మార్చుకుంటున్నవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెర) కెర్నల్ సందేశాలు, అంటే సిస్టమ్ తనంతట తాను రాసుకునే వరసలు, తెరిచి ఉంచుకుని పరికరం గుచ్చండి. ఓవర్ కరెంట్ అని వస్తే కరెంటు కథ దాదాపు తేలిపోయినట్టే. మైనస్ 71 అనే ఎర్రర్ పదే పదే వస్తే సిగ్నల్ సరిగ్గా అందడం లేదు, ముందు కేబుల్ మార్చి చూడాలి. పోర్టు పోయిందని నోటితో చెప్పేవాళ్ల కన్నా ఆ నాలుగు వరసలు నయం.

అన్నీ చూశాక వెనక పోర్టుల్లో కూడా, ఏమీ తగిలించకుండానే 4.75 కన్నా తక్కువ వస్తోందనుకోండి. ఇక ఎస్‌ఎంపీఎస్‌ని చూడాలి. పాత డిస్కులకి ఇచ్చే నాలుగు పిన్నుల తెల్ల కనెక్టర్‌లో ఎరుపుకీ నలుపుకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. అక్కడా 4.75 నుంచి 5.25 మధ్యే ఉండాలి. అక్కడే తక్కువ ఉంటే మార్చాల్సింది ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు కాదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలవ ఉండొచ్చు. అక్కడ 5 బాగానే ఉండి పోర్టు దగ్గర తగ్గితే బోర్డు మీద, పోర్టుల వెనక ఉన్న, చిన్న గొట్టాల్లాంటి కెపాసిటర్ల తలలు చూడండి. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు చాలా వాడారు. తల ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా అవి పోయినట్టే. టంకం పట్టేవాళ్లు ఉంటే మార్చుకోవచ్చు.

నిజంగానే పోయే పోర్టులు ఉన్నాయి. లోపలి తెల్ల నాలుక విరిగినవి, పిన్నులు వంగి ఒకదానికొకటి తగిలినవి, నల్లగా కాలినవి. మామూలు యూఎస్‌బీ సాకెట్‌ని 1,500 సార్లు పెట్టి తీయడానికి లెక్కగట్టి చేస్తారు. రోజుకి పది పెన్‌డ్రైవ్‌లు మారే షాపులో అది ఆరు నెలల్లోపే. అలాంటి చోట ముందు పోర్టుకి ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్, అదీ జానెడు పొడవున్నది, తగిలించి వదిలేస్తే అరిగేది ఆ కేబులే. కాలిన పోర్టుని మాత్రం ఇక వాడొద్దు, టేపు వేసేయండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని పణంగా పెట్టి పరీక్షించకండి. పోర్టబుల్ డిస్క్ టిక్ టిక్‌మంటుంటే కూడా అంతే. కరెంటు చాలక పళ్లెం తిరిగీ తిరగక ఆగుతుండొచ్చు. వెంటనే తీసి, వేరే మంచి సిస్టమ్‌లో పెట్టి, ముందు డేటా కాపీ చేసుకోండి.

పోర్టులన్నీ పోయినా సిస్టమ్ పోయినట్టు కాదు. సొంత అడాప్టర్ ఉన్న మంచి హబ్ ఒక దారి. కొనేటప్పుడు ఒకటి చూసుకోవాలి: సిస్టమ్ షట్‌డౌన్ చేసి ప్లగ్ పీకాక కూడా సీపీయూలో లైటు మినుకుమంటుంటే ఆ హబ్ తన కరెంటుని వెనక్కి కంప్యూటర్‌లోకి తోస్తోంది, తిరిగి ఇచ్చేయండి. నేను ఎక్కువగా చెప్పేది రెండో దారి, బోర్డులో ఖాళీగా ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో బిగించే యూఎస్‌బీ కార్డు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ లాంటి చోట అడిగితే చూపిస్తారు. తీసుకునేటప్పుడు కార్డు మీద ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే కనెక్టర్ ఉందో లేదో చూడండి, ఉన్నదే కొనండి. బిగించేటప్పుడు ఆ వైరు తప్పకుండా తగిలించాలి. చాలాచోట్ల కార్డుని స్లాట్‌లో నొక్కి స్క్రూ బిగించి క్యాబినెట్ మూసేస్తారు, ఆ కనెక్టర్ ఖాళీగానే ఉండిపోతుంది. మర్నాడు హార్డ్ డిస్క్ పెట్టగానే మాయమైతే, కార్డు కూడా పోయిందంటారు.